కోచ్ బోట్‌లో ఒక పొద్దున

సియాటిల్‌లో యూనివర్సిటీ క్రీడాజట్ల కోసం విరాళాల విందు, వేలంపాట జరుగుతున్నాయి. తెడ్లతో పడవ పందేలు వేసే రోయింగ్ టీమ్‌లో ఉన్న కూతురి పక్కన కూర్చున్న తండ్రి ఉన్నట్టుండి చెయ్యెత్తాడు.

“నాన్నా, ఇప్పుడు వేలం వేస్తున్నదేంటో తెలుసా? మా పడవ పక్కనే వచ్చే కోచ్ బోట్‌లో కూర్చుని ఒక పొద్దున మా ప్రాక్టీస్ చూడటం.”

“తెలిసే ఎత్తాను.”

“నాలుగేళ్లలో ఒక్క రేస్‌కి కూడా రాలేదు నువ్వు. చదువు పాడవుతుందని టీమ్ మానేయమన్నావు.”

“అన్నాను. కానీ పోయినేడు రెండు రేసులకి వచ్చాను. బ్రిడ్జి మీద నిలబడి చూశాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“మానేయమన్న నోటితో ఏమని చెప్పను? పైగా అంత ఎత్తునుంచి, ఎనిమిది మందిలో నువ్వెవరో పోల్చుకోలేకపోయాను.”



“ముందు నుంచి మూడో సీట్ నాన్నా. అది నాది.”