దయచేసి నా వ్యాసాన్ని పేర్కొనకండి

1990 జూలై 9, సోమవారం ఉదయం మనస్తత్వ శాస్త్ర విభాగంలో పరిశోధకురాలిగా చేరినప్పుడు, నేడు ఆచార్యులుగా పదవీ విరమణ చేస్తున్న మేడంగారికి మెట్ల కింద ఒక గది, ఒక కుంటి బల్ల, పాత ప్రశ్నావళుల కట్టలు దక్కాయి. ఆ ప్రశ్నల్లో సగం తనకే అర్థం కాలేదని ఆమె మొదటి రోజే అన్నారట. అన్నది విభాగాధిపతితోనే కావడం వల్ల, వాటిని రాసింది కూడా ఆయనే కావడం వల్ల, పై అంతస్తులో గది రావడానికి ఆరేళ్లు పట్టింది.

నర్సుల అలసట, బస్సు డ్రైవర్ల చికాకు, పరీక్షల ముందు విద్యార్థుల గుండెదడ మొదలైన విషయాలపై తొలి పద్నాలుగేళ్లలో ఆమె ఇరవై మూడు వ్యాసాలు ప్రచురించారు. ప్రతి ప్రశ్ననూ ముందుగా గేటు దగ్గరి వాచ్‌మన్‌కు చదివి వినిపించడం, ఆయన తల గోక్కుంటే దానిని నిర్దాక్షిణ్యంగా కొట్టివేయడం ఆమె పద్ధతి. 2004లో ఒక వ్యాసంగా వెలువడిన, దిగులును కొలిచే ప్రశ్నావళి ఆమెకు విశేష కీర్తిని ఆర్జించి పెట్టింది. ఎనిమిదేళ్లలో మూడువందల పద్దెనిమిది మంది పరిశోధకులు తమ రచనల్లో దానిని ఉల్లేఖించారు. విభాగంలో మరెవరికీ అందులో సగమైనా లేకపోవడంతో ఆచార్య పదవి ఆమెకే ఖాయమని అందరూ అనుకున్నారు.

ఇంటర్వ్యూకి పదిహేను రోజులుండగా, ఆ ప్రశ్నావళికి వృద్ధుల కోసం పెద్దక్షరాలతో వేయించిన ప్రతిని ఆమె ఇంట్లో అత్తగారికి ఇచ్చి పూరించమన్నారు. ఎనభై ఏళ్ల ఆ పెద్దావిడ కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి, ఇరుగుపొరుగును నవ్వించే మనిషి. మార్కులు కూడితే తీవ్రమైన దిగులని తేలింది.

“నాకు దిగులా? అదే ఉంటే ఈపాటికి వీధి వీధంతా తెలిసేది కదే అమ్మాయ్,” అన్నారావిడ. “నీ లెక్కేదో ఇంకోసారి చూసుకో.”

చూసుకున్నారు. ఇరవై నాలుగు ప్రశ్నల్లో పది సంతోషానికి సంబంధించినవి. ‘హాయిగా నిద్రపట్టిందా’ అన్నదానికి ‘రోజూ’ అని జవాబిస్తే సున్నా వేయాలి, అచ్చయిన పద్ధతిలో నాలుగు వేయమని ఉంది. అంతమంది పండితుల కంటపడని తప్పు అత్తగారి దగ్గర బయటపడింది. ఎక్కడో ఒక డాక్టరు ఆ పద్ధతిని నమ్మితే, హాయిగా ఉన్నవారికి లేని దిగులు అంటగట్టినట్టే, నిజంగా కుంగిపోతున్నవారిని బాగున్నారని ఇంటికి పంపేసినట్టే. ఆ ఆలోచనకే ఆమె భయపడ్డారు. మర్నాడే వ్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నానని జర్నల్‌కు రాశారు.

“ఇది తీసేస్తే మీ జాబితాలో ఏం మిగులుతుందమ్మా?” అని ఇంటర్వ్యూలో పెద్దలు అడిగారు.

“మిగతావి మిగులుతాయండీ. వాటినీ ఇంకోసారి చూసుకుంటున్నాను,” అన్నారామె. ఆచార్య పదవి ఐదేళ్లు వెనక్కి జరిగింది.

ఉపసంహరించిన వ్యాసాన్ని సైతం చూసుకోకుండా ఉల్లేఖించేవారు లోకంలో కొల్లలు. లైబ్రేరియన్ ఏటా అలాంటివారి జాబితా తీసి ఇవ్వడం, దయచేసి నా వ్యాసాన్ని పేర్కొనకండి, అందులో తప్పుంది అని ఆమె ఒక్కొక్కరికీ ఉత్తరం రాయడం ఆనవాయితీ అయింది. కొందరు కృతజ్ఞతలు తెలిపారు, కొందరు ఉలకలేదు పలకలేదు. ఒక పెద్దమనిషి మాత్రం ఆమె వ్యాసంలో తప్పే లేదని ఆమెకే నాలుగు పేజీల జవాబు రాశారు.

ఒకసారి డైరెక్టరుగారు ఉండబట్టలేక అడిగారు. “అందరూ సైటేషన్లు పెంచుకోవడానికి కిందామీదా పడుతుంటే, మీరు తగ్గించుకోవడానికి పడుతున్నారేంటి మేడం? మన సంస్థ ర్యాంకు ఏం కావాలి?”

“అక్కర్లేని మందు ఎవరో మింగుతుంటే మన ర్యాంకు ఎంతుంటే ఏంటండీ?” అన్నారామె.

ఆ తరువాత ఆమె మరో ముప్పై ఎనిమిది వ్యాసాలు ప్రచురించారు. అయినా ఉపసంహరించిన వ్యాసం ఎవరి చేతిలోనూ మిగలకుండా చూశాకే తాను వెళ్లాలన్నది ఆమె పట్టుదల, విరమణ తేదీ మాత్రం దగ్గరపడుతూ వచ్చింది. గత నెల లైబ్రేరియన్ ఈ ఏటి జాబితా తెచ్చారు. అది ఖాళీ కాగితం. ఆమె దాన్ని తిప్పి వెనకవైపు చూశారు.

“వెనకా ఏం లేదు మేడం. ఈ ఏడాది ఒక్కరూ వాడలేదు. రెండుసార్లు వెతికాను.”

“ఇంకోసారి వెతకండి.”

ఆయన వెళ్లి, వెతికి, వట్టి చేతులతో తిరిగి వచ్చారు. ఆమె కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. ఆ తరువాత ఆమె పెద్దగా నవ్వడం వరండాలో ఉన్నవారందరికీ వినబడింది.

ఉల్లేఖనల్లో సున్నా సాధించినందుకు ఈ సంస్థ ఒకరిని సత్కరించడం ఇదే ప్రథమం. ఆ సున్నా కోసం పదవిని, పేరును పణంగా పెట్టి పన్నెండేళ్లు శ్రమించిన మేడంగారు ఆయురారోగ్యాలతో, తనవారందరి నడుమ చిరకాలం వర్ధిల్లాలని, ఇకపై ఆమె రాసే ప్రతి ఉత్తరమూ మనసుకు దగ్గరైనవారికి, కేవలం కుశలం అడగడానికే కావాలని సహోద్యోగులందరి హృదయపూర్వక ఆకాంక్ష.