గొంతు పోల్చిన మొనగాడు

"అక్కా, ఆ ఫ్యాను ఆపు. గొంతుల సంగతి చెప్పేటప్పుడు గాలి అడ్డం రాకూడదు," అన్నాడు చల్లగాలి. ఏసీలు బాగుచేసే మనిషి కాబట్టి వీధి అతనికి ఆ పేరు పెట్టింది.

టీకొట్టు అక్క ఆపలేదు. ఆమె కళ్ళు బల్ల చివర కూర్చున్న వెల్డరు మీదే ఉన్నాయి. అతని కాళ్ళ దగ్గర ఇనుపకడ్డీ ఉంది. పొద్దున అతని ఫోనుకి తెలియని నంబరు నుంచి ఎవడో గొంతు మార్చి రికార్డు చేసిన మాట వచ్చింది: "కొట్టు ఖాళీ చెయ్యి. లేకపోతే తగలబడిపోతుంది." సొంత తమ్ముడితో వాటా తగాదా నడుస్తోంది. అనుమానం ఇంకెవరి మీదకు పోతుంది? తమ్ముడేనని తేలితే కాళ్ళు విరగ్గొడతానని వచ్చి కూర్చున్నాడు. తేల్చాల్సింది, గొంతు విని మనిషిని పోల్చేస్తానని చెప్పుకునే చల్లగాలి.

"భాషల మీద పరిశోధన చేసే ఆఫీసులో ఏసీ బాగుచేశాను, అంతే, గొప్పేం కాదు," అని మొదలుపెట్టాడు చల్లగాలి. "అక్కడ కంప్యూటర్లో అమ్మమ్మల మాటలు, మనవల మాటలు లక్షలకొద్దీ పోసి పెట్టారు. ఏ వీధివాళ్ళు ఏ మాట ఎలా సాగదీస్తారు, అమ్మమ్మ అన్న మాట మనవరాలి నోట్లో ఎంత అరిగింది, అన్నీ లెక్కగట్టి పటం గీస్తుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను ఊరికే ఓసారి దగ్గాను. 'మీ ముత్తవ్వది ఎడమచేతి వాటం' అని తెర మీద పడింది!"

"దగ్గుకా?" అన్నాడు పక్కనే టీ తాగుతున్న దర్జీ.

"దగ్గుకే! మా అమ్మని అడిగితే నిజమేనంది. సరే చూద్దామని మా వీధి కుక్క అరుపు పెట్టాను. 'దీని తాత పై వీధిలో పుట్టాడు, కింది వీధి కుక్కల సావాసంతో యాస చెడింది' అంది. అక్కడితో ఆగిందా? వందేళ్ళ తర్వాత పిల్లలు నీళ్ళని ఏమంటారో చెప్పింది. నేను ఆ మాట పైకి అన్నానో లేదో, ఆఫీసులో వాళ్ళంతా అదే మాటతో నీళ్ళు అడగడం మొదలుపెట్టారు! భాష అక్కడికక్కడే మారిపోయింది, బాబూ. పెద్ద ప్రొఫెసరుగారు చేతులు పట్టుకుని బతిమాలితే ఆ మాట మింగేశాను. లేకపోతే ఈపాటికి 'నీళ్ళు' అని అడిగితే మీ ఎవరింట్లోనూ చుక్క పుట్టేది కాదు."

దర్జీ పడీపడీ నవ్వాడు. వెల్డరు నవ్వలేదు.

"బావా, కబుర్లు తర్వాత. ఇది ఎవడిదో చెప్పు," అని ఫోను బల్ల మీద పెట్టి నొక్కాడు.

"ఆ ఆఫీసుకే పట్టుకెళ్ళి అడగరాదూ?" అంది అక్క.

"ఎందుకక్కా? ఇప్పుడు ఆ యంత్రం పని నా చెవే చేస్తుంది." చల్లగాలి కళ్ళు మూసుకుని విన్నాడు. "నలభై లోపు మనిషి. మీ వీధిలోనే పెరిగాడు. ఈమధ్యే వేరే వీధికి మారాడు, అక్కడి యాస ఇంకా సరిగ్గా అంటలేదు. ఇంట్లో చిన్నవాడు. చిన్నవాళ్ళే మాట చివర ఇలా విసురుతారు."

తమ్ముడి గురించి అవన్నీ వీధిలో అందరికీ తెలిసినవే. కానీ కోపంతో ఉడికిపోతున్న మనిషికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? వెల్డరు కడ్డీ అందుకుని లేచాడు. దర్జీ నవ్వు ఆగిపోయింది. చల్లగాలి మొహంలో కూడా రంగు మారింది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవడం అతనికి పుట్టి బుద్ధెరిగాక లేదు.

అక్క చేతులు తుడుచుకుని వెల్డరుకి అడ్డంగా నిలబడింది.

"ఆగు నాయనా. నాకూ ఒకటి వచ్చింది. అది కూడా విని వెళ్ళు. ఇద్దరూ ఒకడేనేమో తేలిపోతుంది."

తన ఫోను నొక్కింది. గరగరలాడుతూ ఒక మగ గొంతు పలికింది: "కొట్టు మూయకు. నేను వస్తున్నా."

దర్జీ ఏదో అనబోయాడు. అక్క అతని కాలు తొక్కింది.

"ఇంకోసారి," అన్నాడు చల్లగాలి. విన్నాడు. బల్ల గుద్దాడు. "వాడే! అదే గొంతు, అదే విసురు. దొంగబుద్ధి గొంతులోనే తెలిసిపోతోంది. వీళ్ళు ఇద్దరు మనుషులైతే నా చెవి కోసుకుంటాను."

"ఒట్టు?"

"మా అమ్మ మీద ఒట్టు! ఎవడక్కా వాడు?"

"నువ్వేరా. నిన్న సాయంత్రం టీ తాగడానికి వస్తూ పంపావు."

చల్లగాలి చెయ్యి తన చెవి మీదకు పోయింది. వెల్డరు చేతిలో కడ్డీ మెల్లగా కిందికి దిగింది. తిరిగొచ్చి చల్లగాలికి ఎదురుగా కూర్చుని, అతని మొహంలోకి చూశాడు.

"అయితే బావా," అన్నాడు, "నా కొట్టు ఎప్పుడు తగలబెడతావు?"