పదకొండో గిన్నె

గంటన్నర కూర్చోబెట్టావయ్యా నన్ను ఆ బల్ల మీద! పిలిచింది నువ్వా, నేనా? డెబ్బై దాటినదాన్ని, మోకాళ్లు పట్టేశాయి. మీ రాజధానిలో పెద్దవాళ్లకి ఇదే మర్యాద కాబోలు, మా జిల్లాని ఏలడానికొచ్చిన ప్రిఫెక్ట్ దొరా. మా కొండల్లో అయితే కూర్చోబెట్టినవాడికే సిగ్గు.

కాఫీ వద్దు. పోయిన నెల మా ఇంటికొచ్చి నువ్వు విరిచిచ్చిన కోలా కాయ తిన్నాను, అది పంచుకుంటే మాట ఇచ్చిపుచ్చుకున్నట్టే మాకు. అది చాలు.

ఏదీ, చెయ్యి చూపించు. అబ్బో, ఇంకా వణుకుతూనే ఉందే! కుడిచెయ్యే, సంతకాల చెయ్యి. తిండి కూడా సయించట్లేదట కదా, మీ వంటామె సంతలో చెప్పింది. మీ ఆవిడ పుట్టింటికి వెళ్లిపోయిందని కూడా చెప్పింది. నేనేం అడగలేదు నాయనా. సంతలో చెవులు మూసుకుని తిరగలేం కదా.

ఆ రోజు మేం నీ గేటు దగ్గరికి సరదాకి వచ్చామా?

నా కూతురు లూమ్ చేసిన నేరమేంటో ఇప్పటికైనా చెప్పు. లాయరు పిల్ల. నల్ల గౌను, నెత్తిన తెల్లవాళ్లు వదిలిపోయిన ఆ వెంట్రుకల టోపీ. గొర్రెపిల్లని నెత్తిన పెట్టుకున్నావేమే అని నేనే నవ్వేదాన్ని. టోపీ వాళ్లదేనమ్మా, దాని కిందున్న న్యాయం మాత్రం మనకి అలవాటైపోయింది అనేది. ముందు నేరం రుజువు చెయ్యి, తర్వాత జైల్లో పెట్టు. అదీ మాకు తెలిసిన న్యాయం. మీరు ముందు జైల్లో పెట్టి, తీరిగ్గా నేరం వెతుక్కుంటారు.

మా కోర్టుకి మా మాట ఒక్క ముక్క రాని జడ్జీని పంపారు. కోడి దొంగతనం కేసులో నిలబడ్డ ముసలాయనకి, శిక్ష పడిందో వదిలేశారో కూడా అర్థం కాలేదు. వదిలేశారనుకుని ఇంటికి బయల్దేరాడు పాపం, మెట్ల దగ్గర పట్టుకుని కొట్టారు.

అది చూసి లూమ్ అదే మెట్ల మీద నిలబడి పాత పుస్తకం తీసి చదివింది. ఏం పుస్తకం? మీ రాజధానివాళ్లూ మా కొండలవాళ్లూ కలిసి ఒక్క దేశమైనప్పుడు రాసుకున్న రాజ్యాంగం. తెల్లవాళ్లు పోతూ పోతూ మా ముందు రెండు పెట్టెలు పెట్టారు, ఈ పక్కవాడితో పోతారా, ఆ పక్కవాడితో పోతారా అని. మా అంతట మేముంటాం అనడానికి మూడో పెట్టె లేదు. మా అమ్మ మీ పెట్టెలోనే వేసింది చీటీ. ఇద్దరం సమానమన్నారు, జెండాలో రెండు చుక్కలు పెట్టారు. ఈ పొత్తుని చెడగొట్టే సవరణ ఏదీ చెల్లదని ఆ పుస్తకంలోనే రాసుకున్నారు. పదేళ్లు దాటగానే పొత్తు పోయింది. ఆ తర్వాత ఒక చుక్క కూడా పోయింది. ఓట్లు వేయించారులే, ఆ ఓట్ల సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు.

అది చదివినందుకు దేశాన్ని ముక్కలు చేసేదన్నారు నా కూతుర్ని. ఒట్టేసి చెప్తున్నా, అప్పటిదాకా దానికి విడిపోవాలని లేదు. మీ సిపాయిలు టోపీ లాక్కుని బూటుతో తొక్కిన రోజునే పుట్టిందా కోరిక. మీరే కన్నారు దాన్ని.

రాజధానికి పట్టుకుపోయారు, మిలిటరీ కోర్టన్నారు. పద్నాలుగు నెలలు. అర్జీ మీద అర్జీ, ఆరు తెచ్చాను నీ దగ్గరికి. ఈ బల్ల దగ్గరే నిలబడ్డాను. చట్టం ప్రకారం జరుగుతుంది పో అన్నావు, తలెత్తకుండా.

అందుకే వచ్చాం. పదకొండుగురం, పిల్లల్ని కనే వయసు దాటిపోయిన టకుంబెంగ్ ఆడవాళ్లం, ఒంటి మీద నూలుపోగు లేకుండా. టకుంబెంగ్ ముసలమ్మల్ని అలా కళ్లారా చూసినవాడికి శాపం తగులుతుంది. మా వెనకింటి మాంకా కుంటుకుంటూ వస్తూ దారంతా నవ్విస్తూనే ఉంది, ఈ వయసులో నన్ను చూసేవాడొకడు దొరికాడే అని. నీ సిపాయిల్లో మా కొండవాళ్లు ఇద్దరున్నారు. గోడవైపు తిరిగిపోయారు, వాళ్లు బాగానే ఉన్నారు. నువ్వు మాత్రం మేడ మీద నిలబడి కళ్లారా చూసి నవ్వావు. తర్వాత కాల్చమన్నావు. గాలిలోకే కాల్చామని రేడియోలో చెప్పించావు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

చెయ్యి వణకడం మొదలయ్యాక మా ఇల్లు గుర్తొచ్చింది నీకు. కోలా కాయ పట్టుకుని, డ్రైవర్ని కూడా తేకుండా వచ్చావు. శాపం విప్పమన్నావు. వేసినవాళ్లు గిన్నెలో చేతులు కడుక్కుంటేనే అది విడుతుందన్నాను. ఆరు అర్జీలకి కదలని కాగితం తొమ్మిది రోజుల్లో కదిలింది.

నేనన్న మాట గుర్తుందా? నా కూతురు నా గడప తొక్కిన రోజున నా చెయ్యి నేను కడుక్కుంటానన్నాను. లూమ్ గురువారం వచ్చింది, చిక్కి సగమైపోయి. దానికిష్టమని చేమదుంపలు దంచి అచ్చు ముద్ద చేసి పెట్టాను. పసుప్పచ్చ పులుసులో వేలు ముంచి, ముద్ద మింగలేక ఏడ్చింది. ఇప్పుడెక్కడుందా? నది దాటిపోయింది నాయనా, ఆవలి దేశంలో ఉంది. ఆ ఫోను కింద పెట్టు, లాభం లేదు.

మాట తప్పే మనిషిని కాను. ఆ నీళ్ల గ్లాసు ఇలా ఇవ్వు. ఇదిగో, కడుక్కున్నాను. కిటికీలోంచి చూడు, గేటు దగ్గర తొమ్మిదిమంది, తొమ్మిది గిన్నెలు. వాళ్లూ కడుక్కుంటున్నారు. ఊపిరి పీల్చుకున్నావా? పీల్చుకో.

ఇప్పుడు లెక్కపెట్టు.

మీ పద్ధతిలో పైనున్నవాడు ఒక్కడు సంతకం పెడితే, ఇద్దరు కూర్చుని కట్టుకున్నది కూడా ఊడిపోతుంది. ఇక్కడా అంతే అనుకుని, పెద్దదాన్ని కదా అని నన్నొక్కదాన్ని పట్టుకున్నావు. మాలో ఒకరి తరఫున ఇంకొకరు విప్పడం లేదయ్యా. ఎంతమంది ముడివేశారో అంతమందీ విప్పాలి. ఒక్క చెయ్యి తగ్గినా ముడి ముడే.

పదకొండో చెయ్యి మాంకాది.

నువ్వు గాలిలోకి కాల్చిన గుండు దాని పొత్తికడుపులో దిగింది. ఆ రోజు సోమవారం. మీ మీద నిరసనగా సోమవారాలు మా ఊరు ఊరంతా మూసేస్తారని తెలుసుగా, ఆస్పత్రికి తీసుకెళ్లడానికి బండి దొరకలేదు. మూడు రోజులు బతికి పోయింది. అరటి చెట్ల వెనక పాతిపెట్టాం. మా దగ్గర పెద్ద ముత్తవ్వ పోతే వారం రోజులు ఏడుస్తారు, ఆడతారు, తుపాకులు పేలుస్తారు. మాంకాకి ఏమీ లేదు. ఏదో ఒక రోజు ముడి విప్పమని నువ్వొస్తావని నాకు తెలుసు, అది పోయిందని నీకు తెలిస్తే నా లూమ్ ఇంటికి రాదు. అందుకని నేనే వద్దన్నాను. అడిగినవాళ్లకి చెల్లెలింటికి వెళ్లిందని చెప్పాను. రెండున్నర నెలలు దాని కోళ్లకి నేనే గింజలు వేశాను. దాని కూతురు ఫోన్ చేస్తే, మీ అమ్మ పొలానికి వెళ్లిందే అన్నాను. నిన్న చెప్పాను ఆ పిల్లకి. నా మాట పూర్తవకుండానే ఫోన్ పెట్టేసింది.

నీ చెయ్యి మా శాపంతో వణుకుతోందో, నీ భయంతో వణుకుతోందో నాకు తెలీదు. దేవుడి తోడు, తెలీదు. నా స్నేహితురాలి చావు దాచిపెట్టి నా కూతుర్ని తెచ్చుకున్నాను. ఆ పాపం నాది, నేను మోస్తాను. నీది నువ్వు మొయ్యి.

పిలుచుకో నీ సిపాయిల్ని, పిలుచుకో. ముందు ఆ కిటికీ తియ్యి. కింద గిన్నెలు పక్కన పెట్టేశారు, చూశావా? నా కోసమే చూస్తున్నారు. మాంకా కోసం ఏడవడానికి వచ్చాం, వారం రోజులు, నీ గేటు దగ్గరే.