బాయంటే నీళ్ల బాయి కాదు సారూ

సభకు పెద్దదిక్కుగా కూర్చున్న అనసూర్య టీచరమ్మకు, ముందు వరుసలోని పెద్దలకు, కుర్చీలు దొరకక గోడకు ఆనుకొని నిలబడ్డ మా కాలనీవాళ్లకు కనకవ్వ దండాలు. నాకు చదువు తక్కువ. ఇండ్లు, జాగలు ఇప్పించే పని నుంచి ఇవాళ తప్పుకుంటున్న నజీరన్నకు శాలువా కప్పమంటే, ఆ ఒక్క పనీ వచ్చు కదా అని వచ్చాను. (నవ్వులు)

నా కొడుకు మొగిలి బొగ్గు గనిలో పనిచేసేవాడు. గోదావరిఖనిలో ఇల్లు కొందామంటే ఇక్కడ అప్పు పుట్టలేదు. నజీరన్న కరీంనగర్‌లో ఇంటి అప్పులిచ్చే ఆఫీసుకు పంపాడు. అక్కడి సారుది ఎక్కడో సముద్రం పక్క ఊరు. ఏం పని చేస్తావంటే మావాడు "రోజూ బాయిల దిగుత సార్" అన్నాడట. ఆయన నీళ్ల బావులు తవ్వే కూలి అనుకొని, "వానలు పడ్డాక అప్పెలా కడతావు?" అని తిప్పి పంపాడు. ఆ పూట మొగిలి అన్నం ముట్టలేదు.

నాకు కోపమొచ్చి నజీరన్నను ఆయన దుకాణం ముందే నిలదీశాను. "ఏందన్నా, పైఊరోళ్ల తాన్కి తోలి నా కొడుకు ఇజ్జత్ తీస్తివి!"

"ఫికర్ జెయ్యకు చెల్లె, రేపు నేను గుడ పోత" అన్నాడు. తెల్లారి దుకాణం మూసి, మొగిలితో బస్సెక్కాడు. "సార్, మా దిక్కు బాయంటే బొగ్గు గని. మాకు గనిల నీళ్లు పడితే సంబురం గాదు, మోటర్లు వెట్టి తోడిపోస్తం" అన్నాడట. ఆ సారు పడీపడీ నవ్వి సంతకం పెట్టాడు. (నవ్వులు)

మొగిలి ఆ ఇంట్లో కొన్నేళ్లే ఉన్నాడు. కామెర్లొచ్చి దవాఖానలో పడుకున్నప్పుడు "అవ్వా, మనింటికి తీస్కపో" అన్నాడు. మనింటికి అన్నాడు. కంపెనీ క్వార్టరైతే వాడి తర్వాత ఖాళీ చేసేవాళ్లం. నేనూ కోడలూ ఇవాళ్టికీ వాడు మేకు కొట్టిన గోడకే చీరలు వేలాడదీసుకుంటున్నాం. నాకది చాలు.

ఇక నుంచి దుకాణం చూసేది నజీరన్న కొడుకు మహమూద్. పైఊరి అప్పులోళ్ల దగ్గరికి ఎవరినీ పంపనని, పనిచెడితే మాట తనకొస్తుందని అంటున్నాడట. బిడ్డా, ఇక్కడ దొరికితే ఇక్కడే ఇప్పియ్యి. దొరకనోళ్లకు ఆ తోవ మూయకు.

(మహమూద్ కూర్చున్నచోటి నుంచే: "సరే అవ్వా, పంపుత!")

పంపుడు గాదు కొడుకా, ఎంబడి పో. మీ బాపు మా మొగిలి ఎంబడి పోయిండు.

నజీరన్నా, సల్లగుండు. ఓపికగా విన్నందుకు అందరికీ దండాలు. ఇంటికి పోతున్నా, సెలవు.