కూత విడవని ఓబులేసు

సుంకులమ్మ అని ఒకామె ఉండె. వాళ్ళన్న ఓబులేసు. చిన్నప్పుడు ఈళ్ళిద్దరికీ పిచ్చి ఏందంటే పంచాయితీ ఆఫీసులో టీవీ. దాంట్లో పరాంకుశం గారని ఒకాయన కబడ్డీ ఆటకు కామెంట్రీ చెప్తా ఉండెనంట. ఆటగాడు అవతలోళ్ళకు చిక్కినాడనుకో, అందరూ అరుస్తారు గదా, ఆయప్ప మాత్రం గొంతు తగ్గించి, మన పక్కన కూచోని చెప్పినట్టు, కూత ఆగలేదండీ, గీత జానెడు దూరమే, అనేవాడంట. ఇంటికొచ్చి సుంకులమ్మ చెంబు నోటికాడ పెట్టుకోని అచ్చం అట్లే చెప్పేది, వాళ్ళన్న వాకిట్లో కూత పెట్టేటోడు. చెంబు సొట్టపోతాదని వాళ్ళమ్మ తిట్టేది. పెద్దోళ్ళయినారు, పెండ్లిండ్లయినాయి, ఆయప్ప టీవీలో కనపడేది మానేసినాడు.

ఒక ఎండాకాలం ఏమైందంటే, ఓబులేసు పాత బాయిలో పూడిక తీసేదానికి దిగినాడు. మిట్టమధ్యాన్నం ఒక పక్క దరి విరిగి మీదపడె. రొమ్ముదాకా మట్టి, చేతులు రెండూ లోపలే. మిషను తెస్తామంటే పెద్దాయన చిన్నోబన్న వద్దనె, అదురుకు ఉన్న దరి కూడా పడతాదని. ఇంగ ఇద్దరు నడుముకు మోకులు కట్టుకోని దిగి, చేత్తోనే తోడి గంపకెత్తుతా ఉండారు. ఒక గంప. ఇంకో గంప. రెండు గంటలాయె. ఓబులేసు తల వాల్చేసె, పిలిస్తే పలకడు. వాన్ని నిద్రపోనీయొద్దండి, కండ్లు మూసినాడంటే మనకు దక్కడని చిన్నోబన్న అంటాండాడు. సుంకులమ్మ ఒడ్డుమీద బోర్లా పడుకోని అన్నా అన్నా అని పిలిచె. ఊహూ. అప్పుడు ఆ మాట నోటికి ఎట్లొచ్చిందో ఆమెకే తెల్దంట.

"ఓబులేసు చిక్కాడండీ. నలుగురు పట్టేశారు. అయినా కూత ఆగలేదనే అనుకుంటున్నాను."

పైనుండేవాళ్ళు, పాపం మతి పోయింది ఈమెకు, అనుకునిరి. కింద మట్టి తోడేటోడు ఒకడు చెయ్యెత్తి సైగ చేసె, ఓబులేసు పెదాలు కదుల్తాండాయని. వినపడీ వినపడకుండా, కబడ్డీ, కబడ్డీ. ఇంగ ఆమె ఆపితే ఒట్టు. భుజం బయటపడిందండీ అంటాది, ఒక చెయ్యి వచ్చిందండీ అంటాది. ఆపితే వాళ్ళన్న కూడా కూత ఆపుతాడని భయం. నడుమన అవతలి దరినుంచి మట్టి జలజలా రాలె. అందరూ బిగుసుకపోయిరి. ఆమె గోళ్ళు నేలలో దిగిపోయినాయి, గొంతు మాత్రం పెంచలే. "గీత జానెడు దూరమే" అనె.

పొద్దుగూకేలోపల తీసిరి. కాలు విరిగింది, పానముంది. మంచం మీద పడుకోబెడితే, "సుంకూ, నీళ్ళు తాగినావా?" అని అడిగినాడంట చెల్లెల్ని. ఆమెకు బదులు చెప్పేదానికి గొంతు లేదు, ఎనిమిది దినాలు రాలేదంట. తర్వాత ఓబులేసు పరాంకుశం గారికి జాబు రాద్దామని కనుక్కుంటే, ఆయన పోయి నాలుగేండ్లాయె అనిరి. ఇప్పుడు టీవీలో కబడ్డీ వస్తే ఓబులేసు సౌండు తీసేసి చూస్తాడు. అరిచేవాళ్ళు ఎక్కువయినారంటాడు. అదీ నిజమే గదప్పా, బాయిలో పడినోడికి మనం అరిస్తే ఏం లాభం?