మోత తగ్గించే పైపు

వికారాబాద్‌లో పాండు మెకానిక్ షెడ్డు. తాండూరు నుంచి వచ్చిన పరశురాం కారు లిఫ్టు మీద ఉంది.

“గీ రెండు పైపులల్ల ఏది తక్కువ మోత చేస్తది పాండన్నా? ముందుగాల గది చెప్పు.”

“తక్కువ మోతనా? మాట్లాడుతున్నది నువ్వేనా పరశురాం? ఆర్నెల్ల కింద టర్బో ఎనుక పొగ పోయే కంపెనీ పైపు ఊడగొట్టి మూడించుల డంప్ పైపు ఎయ్యమని నా పానం తీసినవ్. తాండూరుల స్టార్ట్ చేస్తే యాలాల్‌ల ఇనపడాలె అన్నవ్.”

“గప్పుడన్న. ఇప్పుడొద్దు.”

“సరే, చూడు. గిది రెండున్నర ఇంచులది. నడుమ పొగను వడగట్టే జాలి ఉన్నది. మోత సగానికి సగం తగ్గుతది. గిది మూడించులదే, దీంట్ల గూడ జాలి ఉన్నది. మోత జరంతనే తగ్గుతది గని పికప్ పోదు.”

“రెండున్నరదే ఎయ్యి.”

“పికప్ పోతది మల్ల.”

“పోనీ.”

“ట్యూనింగ్ గూడ మొదటి సంది చెయ్యాలె.”

“చెయ్యి. ఇయ్యాల్నే అయితదా?”

“ఎందుకు గంత తొందర? పోలీసోల్లు ఏమన్న ఆపిండ్రా?”

“లే.”

“ఇంట్ల నీ పెండ్లాం కరుణ కోపం చేసిందా?”

“ఏమనలే. ఏమనలే గని... నా కారు ఎక్కుతలేదు. బస్సుల పోతున్నది.”

“ఎందుకు?”

“నట్లు ఇప్పు అన్నా జర.”

“నట్లు తర్వాత. నా దిక్కు చూడు. పోయిన నెల కోట్‌పల్లి పోయినవా?”

“ఎవరన్నరు?”

“పోయినవా, లేదా?”

“పోయినం. నేను, కరుణ. ఐతారం పొద్దుగాల. డ్యాం చూస్తందుకు అందరు పోతరు గద.”

“తొవ్వల గొర్లు కనవడ్డయా?”

“గొర్లు ఏడ కనవడయి? మా తాత గూడ గొర్లు కాసినోడే.”

“నేనడిగింది మీ తాత గురించి కాదు.”

“ఉన్నయి. రోడ్డు నిండ ఉన్నయి. జరంత రేస్ ఇచ్చిన, పక్కకు జరుగుతయని. అన్ని ఒక్కపారే బెదిరి ఉరికినయ్.”

“గొర్లకాడి మనిషి?”

“నేనెవ్వర్ని చూడలే. కారు ఒక్క గొర్రెకు గూడ తగల్లే అన్నా, ఒట్టు.”

“తగల్లే, నాకెరికే. గొర్లు నూకితె వాటిని కాసే ముసలాయన తొవ్వ పక్క మోరీ కాల్వల పడ్డడు. కాలు ఇరిగింది.”

“నీకెట్ల ఎరుక?”

“నిన్న ఈడికే వచ్చిండు. బీరన్న ఆయన పేరు. కాలుకు సిమెంటు పట్టీ. భార్య హన్మమ్మ పట్టుకొని ఆటోల నుంచి దించింది. గసుంటి మోత చేసే కార్లు పాండు షెడ్లనే తయారైతయని ఎవరో చెప్పిండ్రంట. ‘గా బండి నీకాడికి వస్తదా కొడుకా’ అని అడిగిండు.”

“నువ్వేమన్నవ్?”

“రాదన్న.”

“అన్నా...”

“అబద్ధమాడిన. గా పైపు బిగించింది నేనే. జాలి తీసి పారేసింది నేనే. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు గా మోత ఇని ఇద్దరం నవ్వినం, యాదికున్నదా? ఏ ముఖం పెట్టుకొని వస్తదని చెప్పాలె?”

“గొర్లు ఎవరు కాస్తున్నరు మరి?”

“హన్మమ్మ. ఆమెకు మోకాళ్ల నొప్పులు.”

“నేను పోత అన్నా. పైపు మారినంక పోయి, ఎవరో దారిన పోయేటోని లెక్క చూసొస్త. ఏమన్న సాయం చేస్త.”

“మోత మారినంక?”

“అవ్, మారినంకనే.”

“ఆయన గుర్తుపట్టకుండనా?”

“ఏం చెయ్యమంటవ్ మరి! కేసు పెడతడంటనా?”

“లే. గా మాటనే ఎత్తలే. బండి నడిపినాయన ఎన్నడన్న కనవడ్తే ఒక్కటే అడగమన్నడు.”

“ఏమడగమన్నడు?”

“తను పడ్డది చూడక పోయిండా, చూసి గూడ పోయిండా అని. మంచం మీద పండితే గదొక్కటే మనసుల తిరుగుతున్నదంట. ‘చూసి ఉండడు, చూస్తే మనిషన్నోడు ఆగకుండ పోతడా’ అన్నడు. నేను తలకాయ ఊపిన. ఆయనకు ఏం చెప్పాలె పరశురాం? చూడలేదనే చెప్పనా?”

“కారు కిందికి దించు.”

“పైపు?”

“పైపు ఇప్పకు. గిట్లనే దించు. కోట్‌పల్లి పోత, ఇప్పుడే పోత.”

“పోయి ఏమంటవ్?”

“చూసిన అన్నా. సైడ్ అద్దంల చూసిన. మోరీలకెల్లి చెయ్యి లేపిండు... నేను ఇంకింత రేస్ ఇచ్చిన.”