గీరే పాళీ

పాత పెన్నులు సేకరించే పెద్దాయన ముందు ఒక అమ్మాయి, అమ్ముదామని తెచ్చిన వాళ్ళ నాన్న పెట్టె తెరిచి పెట్టింది. లోపల ఒక పెన్నూ, దానికి జత పెన్సిలూ ఉన్నాయి. చూడగానే ఆయనకి తెగ నచ్చేశాయి. మొహం మాత్రం చేదు మింగినట్టు పెట్టాడు.

"ఇవి నిజంగా జతేనా అమ్మా? పెన్ను క్లిప్పు వదులైంది, పెన్సిలుది బిగుతుగానే ఉందే?"

"పెన్సిల్ని నాన్న ఎప్పుడూ జేబులో పెట్టుకోలేదండి. బల్ల మీదే వాడేవారు."

"అమ్మేవాళ్ళందరూ ఏదో ఒకటి చెప్తారులే. ఇంకు పోసి చూస్తాను, ఓ కాగితం ఇవ్వు."

"ఇదిగోండి."

"అబ్బే, గీరుతోంది. ఒక చేతికి అలవాటుపడ్డ పాళీ ఇంకో చేతికి లొంగదమ్మా."

"గీరుతున్న చప్పుడు వినపడటం లేదే?"

"రాసే చేతికి తెలుస్తుంది. పైన పటారం, లోన లొటారం. ఏదో, ఇంత దూరం వచ్చావు కాబట్టి ఉంచుకుంటాను."

"వద్దులెండి, ఇచ్చెయ్యండి."

"అదేంటి? నా మాట మీద నమ్మకం లేదా?"

"మాట మీద లేదండి, మీ చేతి మీద ఉంది. మా నాన్నకీ ఈ పిచ్చే. నచ్చని పెన్నయితే ఒక్క సంతకం చేసి పక్కన పడేసేవారు."

"అయితే?"

"మీరు మాట్లాడుతూనే పేజీ నింపేసి, కాగితం రెండోవైపు తిప్పారు."